టిక్కీ అడుగున

ఏడో తరగతి, ఆరో పీరియడు.
తొమ్మిది కంప్యూటర్లు, ఆరింటికే ప్రాణం.
కిటికీ తెరిస్తే మిర్చి యార్డు ఘాటు,
మూస్తే ఉక్కపోత.
ఎవరో ఒకరు తుమ్మందే
గుంటూరులో మా బడిపాఠం మొదలవదు.

"మిరపకాయ మన ఊరికి ఎక్కణ్ణించి వచ్చింది?"
అడిగి వారమైంది.
ఇవాళ ముప్పై ఒక్క నోటుపుస్తకాలు బల్లమీద.
ముప్పై ఒక్కింటా ఒకటే మాట:
"మిరప అనాధిగా గుంటూరు సొత్తు."
ఆ 'ధి'కి ఒత్తు కూడా అందరికీ పడింది.
తప్పయినా సొంతంగా చెయ్యలేదు నా పిల్లలు.

ఎక్కడ చూశార్రా అంటే
"అన్నిటికన్నా పైనే వచ్చింది టీచర్"
దేవుడుండే చోటు చూపించినట్టు
వేలెత్తి చూపించాడు నాగుల్‌మీరా.

కోపం రావాలి. నవ్వొచ్చింది.
వాళ్ళ నాన్న యార్డులో హమాలీ,
టిక్కీలు మోసి మోసి ఒక భుజం కిందికి జారిన మనిషి.
"కొనేవాడు టిక్కీ మూతి విప్పి
పైకాయ చూసి ధర చెబుతాడట్రా?"

"ఎందుకు చెబుతాడు టీచర్!
మోచేతిదాకా చెయ్యి పోనిస్తాడు.
అడుగునుంచి గుప్పెడు లాగుతాడు.
విరిచి చూస్తాడు, తేమ కాయైతే చప్పుడు రాదు.
పైన తేజ పోసి కింద తాలు కుక్కేవాళ్ళుంటారు మరి."

ఇక నేను చెప్పడానికేం మిగిలింది?
అయితే చెయ్యి పెట్టండి, అన్నాను.

అరిగిపోయిన మౌసుల మీద చిన్న చిన్న వేళ్ళు.
ఎవరు రాశారిది? పేరు లేదు.
ఎప్పుడు? తేదీ లేదు.
పక్కనేముంది?
కారప్పొడి ప్యాకెట్లు, రెండు కొంటే ఒకటి ఉచితం.
"అమ్ముకునేవాడు టీచర్" అంది బ్లెస్సీ,
"వాడి సరుకు వాడే పొగుడుకుంటున్నాడు."

వాళ్ళమ్మ కోల్డుస్టోరేజీ షెడ్డులో తొడిమలు తీస్తుంది.
ఈ పిల్ల చదవడమూ అంతే,
వాక్యానికి తొడిమ తుంచి
లోపల గింజుందో లేదో చూస్తుంది.

ఇంకో పేజీ. ఇంకోటి.
మూడు చోట్ల అదే ఉంటే నిజమేగా, అన్నాడొకడు.
ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవైతే?
ఎవరూ మాట్లాడలేదు.
ముప్పై ఒక్క పుస్తకాలు
బల్లమీంచి వాళ్ళనే చూస్తున్నాయి.

సముద్రాల అవతలినుంచి ఓడల్లో వచ్చిందని
తడుముకుంటూ చదివినప్పుడు
నాగుల్‌మీరా మొహం చూడాలి.
"మనది కాదా టీచర్?"
ఇంతకాలం నాన్నని పిలిచిన పేరు
అసలు పేరు కాదని తెలిసినట్టు.
జవాబు లేక కాదు,
ఆ జవాబుకి పీరియడు చాలదు.

అప్పుడు బ్లెస్సీ, మెల్లగా,
"టీచర్, మొన్న మా అమ్మావాళ్ళ గ్రూపులో పెట్టారు కదా,
ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే
కారం ఘాటు ఊపిరితిత్తులకి పట్టదని,
ఎవరో పెద్ద డాక్టరు చెప్పాడని.
మా అమ్మ రోజూ పుక్కిలిస్తోంది.
ఏ డాక్టరు?"

చెయ్యి పెట్టింది, మోచేతిదాకా.
నా టిక్కీ అడుగున
తాలు.

నాకు తెలీదమ్మా, అన్నాను.
ఎవరో పంపితే పంపాను.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
పిల్లల ముందు ఆ రెండు ముక్కలూ
నోరు తిరగని ఊరి పేర్లలా పలికాను.
మీ అమ్మకి నేనే ఫోన్ చేసి చెబుతాలే, అన్నాను.
తల ఊపింది. క్షమించినట్టేం లేదు,
నోటు చేసుకున్నట్టుంది.

ఇంతలో కరెంటు పోయింది.
నల్లబడ్డ తెరల్లో
ఎవరి మొహం వాళ్ళకి.

గంట కొట్టాక
బ్లెస్సీ పుస్తకం తెరిచి చూశాను.
పాత వాక్యం అడ్డంగా కొట్టేసి
కింద, పెన్సిలుతో,
"ఓడలో వచ్చిందంటున్నారు.
ఏ రేవులో దిగిందో ఇంకా తెలియలేదు.
రేపు చూడాలి."

పదికి ఎన్నెయ్యాలో తోచలేదు.
ఎర్రసిరాతో 'రేపు' కింద
ఒక గీత గీశాను.
తప్పుకి కాదు.